కనిపించని గాయం – కాగితం మీద హక్కు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయదలచి పెట్టే ధర్మం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. ఈ మాట ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. అయితే మనం అంతగా గుర్తుచేసుకోని సంగతి ఇంకొకటి ఉన్నది. నకారాగారు పనిచేసి రిటైరయింది రక్షణ మంత్రిత్వ శాఖలో. ఆ తీర్పు వల్ల సివిల్ పెన్షనర్లతోపాటు సైనిక పెన్షనర్లకు కూడా మేలు జరిగింది. అంటే మన పండుగకు మూలమైన కేసులోనే సిపాయి మన పక్కన నిలబడి ఉన్నాడు.

డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మిగతా వక్తలు చెబుతారు. నేను ఆ సిపాయి గురించి చెప్పదలచాను. అందులోనూ మనసు దెబ్బతిని ఇంటికి వచ్చిన సిపాయి గురించి, ఆయనకు రావలసిన డిజబిలిటీ పెన్షన్ గురించి, అది రానప్పుడు వేయవలసిన అప్పీలు గురించి. ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. ముఖ్యంగా మనకు సంబంధించిన విషయమే. ఎందుకో చివర మనవి చేస్తాను.

మనది పలనాడు. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. నాగులేటి ఒడ్డున వీరుల ఆయుధాలకు మొక్కుతాం. యుద్ధంలో ఒరిగిపోయిన వాళ్ళను ఎనిమిది వందల ఏళ్ళు దాటినా మరువని జనం మనం. మరి సరిహద్దు నుంచి ప్రాణంతో తిరిగి వచ్చి, నిద్రపట్టక రాత్రంతా వాకిట్లో పచార్లు చేసే మనిషిని ఏమంటున్నాం? 'పిచ్చోడు' అని ఒక్క మాటలో తోసేస్తున్నాం. ఆయన భార్య ఆ మాట వినపడకుండా తలుపు వేసుకుంటుంది. అసలు నష్టం ఆ తలుపు దగ్గరే మొదలవుతుంది.

మెడికల్ బోర్డు ఏమి చేస్తుంది?

సైన్యంలో మనిషి ఆరోగ్యాన్ని 'షేప్' అనే లెక్కలో వేస్తారు. ఆ మాటలోని అయిదు అక్షరాలు అయిదు అంశాలు. మొదటి అక్షరం ఎస్ అంటే మానసిక స్థితి. తరువాత వరుసగా వినికిడి, కాళ్ళూ చేతులూ, శరీర దారుఢ్యం, కంటిచూపు. ఒక్కొక్క దానికి 1 నుంచి 5 దాకా గ్రేడు. ఒకటి ఉంటే నిక్షేపం. అయిదు ఉంటే ఇక సైన్యానికి పనికిరారని అర్థం. మనసు విషయంలో ఎస్-5 పడితే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు కూర్చుని ఇంటికి పంపుతుంది.

ఆ బోర్డు ముఖ్యంగా రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందా? లేక వేరే కారణంతో వచ్చినా సేవ వల్ల ముదిరిందా? రెండింటిలో ఒక్కదానికి అవునని రాసి, వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉందని తేల్చితే డిజబిలిటీ పెన్షన్ వస్తుంది. రెండింటికీ కాదని రాస్తే రాదు. ఆ 'కాదు, కాదు' అనే ఇంగ్లీషు వాక్యాన్ని ఆఫీసుల్లో పొట్టిగా 'నానా' అంటారు. ఆ రెండక్షరాల మాట వల్ల ఎన్ని కుటుంబాలు నానా అగచాట్లు పడ్డాయో లెక్క లేదు.

కాలు తెగిన సిపాయి విషయంలో పెద్దగా వివాదం రాదు. ఏ రోజు, ఎక్కడ, ఎలా అన్నది కాగితం మీద ఉంటుంది. మనసుకు తగిలిన దెబ్బకు తేదీ ఉండదు, చోటు ఉండదు, ఎక్స్‌రే ఉండదు. అందుకని బోర్డు 'ఇది పుట్టుకతో వచ్చిన తత్వం' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం జరుగుతూ వచ్చింది.

ఈ గొడవ మన దేశానిదే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అనే మాట వాడి, ఫిరంగి మోతల మధ్య మనసు చెదిరిన సిపాయిల గురించి రాశాడు. వియత్నాం యుద్ధం ముగిశాక 1980లో గాని అమెరికా మనోవైద్యుల పుస్తకంలో యుద్ధానంతర మానసిక గాయానికి పి.టి.ఎస్.డి. అనే పేరు పడలేదు. జబ్బు పాతదే. కాగితం మీదికి ఎక్కడానికి అన్ని ఏళ్ళు పట్టింది.

పోయేది ఎంత?

జవానుకు మామూలు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. మనోవ్యాధి సాధారణంగా అంతదాకా ఆగదు. ఏడెనిమిదేళ్ళకే బయటికి పంపబడిన వాళ్ళు ఎందరో. జబ్బు సేవకు సంబంధించినదని తేలితే ఇంత సర్వీసు ఉండాలన్న నిబంధన లేకుండా సర్వీసు ఎలిమెంటు, డిజబిలిటీ ఎలిమెంటు రెండూ కలిపి పెన్షన్ వస్తుంది. సంబంధం లేదని తేలితే, పదేళ్ళు నిండినవారికి ఇన్‌వాలిడ్ పెన్షన్. పదేళ్ళ లోపువారికి ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీ, అంతే. మిలిటరీ ఉద్యోగానికే కాక సివిల్ ఉద్యోగానికి కూడా శాశ్వతంగా పనికిరాని స్థితిలో ఉన్నవారికి, పదేళ్ళ లోపు సర్వీసున్నా ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇవ్వవచ్చునని 16-7-2020న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. కాని అది 4-1-2019 నాటికి, లేదా ఆ తరువాత, సర్వీసులో ఉన్నవారికే అన్నారు. అంతకు ముందు వచ్చేసిన మన పాతవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోలేదు.

పెన్షన్ లేకపోతే ఆ నెలసరి డబ్బు ఒక్కటే కాదు పోయేది. 1-4-2003 నుంచి నడుస్తున్న ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకంలో సభ్యత్వానికి పెన్షనరు అయి ఉండాలి. భర్త తదనంతరం భార్యకు కుటుంబ పెన్షన్ రావాలన్నా మూలం అదే. మనోవ్యాధికి మందులు ఆరు నెలలతో ఆగేవి కావు. ఏళ్ళ తరబడి మింగాలి. మందు కొనే స్తోమతు లేనివాళ్ళు మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. బోర్డు రాసిన ఒక్క వాక్యానికి ఇంత బలగం ఉన్నది.

శాతం విషయంలో ఒక మేలైన నిబంధన ఉన్నది. 1-1-1996 నుంచి, జబ్బు వల్ల మధ్యలో బయటికి పంపబడినవారికి 50 కన్నా తక్కువ శాతం ఉంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, ఆ పైన ఉంటే 100గా లెక్కవేస్తారు. పూర్తి సర్వీసు చేసి వైకల్యంతో రిటైరయిన వారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందని 10-12-2014న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రూల్సు ఏమంటున్నాయి?

మనం జీవితమంతా రూల్సు చదివినవాళ్ళం. ఇక్కడ మొట్టమొదట చూడవలసింది డిశ్చార్జి తేదీ. 1-1-2008కి ముందు వచ్చేసినవారికి 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్సు. ఆ తేదీ నుంచి 2008 రూల్సు. 21-9-2023 నుంచి కొత్తగా 2023 రూల్సు. ఏ తేదీకి ఏ రూలో చూడకుండా అప్పీలు రాస్తే అది మొదటి పేరాలోనే బోల్తా పడుతుంది.

1982 రూల్సులో మూడు ముక్కలు సిపాయికి కొండంత అండ. ఒకటి, భర్తీ అయిన రోజున కాగితాల్లో ఫలానా జబ్బు ఉందని రాయకపోతే, ఆ రోజున అతను శారీరకంగా, మానసికంగా నిక్షేపంగా ఉన్నట్లే భావించాలి. రెండు, జబ్బు సేవ వల్లే వచ్చిందని రుజువు చేసే భారం సిపాయి మీద లేదు. సందేహం ఉంటే ఆ సందేహ లాభం అతనికే చెందాలి. మూడు, భర్తీ నాటి పరీక్షలో ఆ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని బోర్డు అనదలిస్తే, అందుకు కారణాలు రాయాలి. కారణాలు రాయాలి అన్న ఈ రెండు మాటలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

2008 రూల్సు కొంత బిగించాయి. సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన అది సేవ వల్ల వచ్చినట్లు కాదన్నారు. రుజువు భారం మామూలుగా సిపాయి మీద లేదంటూనే, డిశ్చార్జి అయిన 15 ఏళ్ళ తరువాత, రికార్డులు నాశనమైపోయాక క్లెయిము వేస్తే భారం అతని మీదే పడుతుందన్నారు. కాబట్టి ఆలస్యం ఎవరికి నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

కోర్టులు ఏమన్నాయి?

2-7-2013న సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్ దళంలో చేరి, తొమ్మిదేళ్ళు పనిచేసి, మూర్ఛల కారణంగా 1994లో బయటికి వచ్చాడు. బోర్డు 'తత్వం వల్ల వచ్చిన జబ్బు' అన్నది. కారణాలేవీ రాయలేదు. కోర్టు పైన చెప్పిన 1982 రూల్సు విప్పి చూపి పెన్షన్ ఇవ్వమన్నది. మూర్ఛ మనోవ్యాధి కాకపోయినా, ఈ తీర్పే తరువాతి కేసులకు దారి చూపింది. అదే రోజు వీర్‌పాల్ సింగ్ కేసు. ఈయన 1972లో చేరి 1977లో స్కిజోఫ్రీనియా పేరుతో వచ్చేశాడు. బోర్డు నిపుణుల సంస్థ గనుక దాని మాటకు విలువ ఇవ్వాలి, కాని కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కరలేదని చెప్పి, కోర్టు ఆయనను కొత్త రివ్యూ బోర్డు ముందుకు పంపమన్నది. ఉద్యోగం పోయిన ముప్పై ఆరు ఏళ్ళకు!

2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో, భర్తీ నాడు రాయని వైకల్యం తరువాత వచ్చినదిగానే భావించాలనీ, జబ్బు కారణంగా సైన్యం నుంచి పంపేశారంటేనే వైకల్యం 20 శాతానికి పైన ఉన్నట్లనీ కోర్టు చెప్పింది. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో ఇలాంటి అప్పీళ్ళు అనేకం కలిపి విని, ధరమ్‌వీర్ సింగ్ తీర్పునే నిలబెట్టింది.

ఇంతవరకు విని, ఇక గెలిచినట్లే అనుకోకూడదు. 3-10-2019న నరసింగ్ యాదవ్ కేసులో సిపాయి ఓడిపోయాడు. ఆయనదీ స్కిజోఫ్రీనియాయే. 2003లో చేరి 2007లో వచ్చేశాడు. మానసిక వ్యాధులు భర్తీ నాటి పరీక్షలో బయటపడవు, మధ్యమధ్య నెమ్మదించి మళ్ళీ వస్తాయి, కాబట్టి ప్రతి మనోవ్యాధీ సేవ వల్లే అని యాంత్రికంగా అనుకోరాదని కోర్టు అన్నది. ఆ మనిషి చేసిన డ్యూటీలు అంతటి ఒత్తిడి కలిగించేవా అని ఏ కేసుకు ఆ కేసు విడిగా చూడాలన్నది.

తరువాత 2025 మే నెలలో రాజుమోన్ కేసు వచ్చింది. ఈయన కూడా స్కిజోఫ్రీనియాతో 1998లో డిశ్చార్జి అయినవారే. ఇక్కడ కోర్టు బోర్డు కాగితాన్ని తెరిచి, కారణాలేవీ అని అడిగింది. కారణాలు లేని అభిప్రాయం ఆధారంగా ఒక మనిషి పెన్షన్ కాదనడం చెల్లదని చెప్పి, పెన్షన్ ఇవ్వమన్నది.

ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. గెలిచినవారి జబ్బు గొప్పదీ కాదు, ఓడినవారి జబ్బు చిన్నదీ కాదు. కేసు నిలిచేది రెండు చోట్ల. బోర్డు కారణాలు రాసిందా లేదా అన్నది ఒకటి. ఆ సిపాయి ఎక్కడ, ఎలాంటి డ్యూటీ చేశాడో మన అప్పీలులో కనిపిస్తున్నదా లేదా అన్నది రెండవది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, కారణం రాయని రిజెక్షన్ స్పీకింగ్ ఆర్డర్ కాదు. ఈ సంగతి మన గుమాస్తాలకు ఒకరు నేర్పాలా?

రెండవ దానికి పనికివచ్చే పుస్తకం ఒకటి ఉన్నది. సైనిక పెన్షన్ల విషయంలో మెడికల్ ఆఫీసర్లకు మార్గదర్శిని అని 2002లో వచ్చి 2008లో సవరించబడింది. మానసిక వ్యాధుల అధ్యాయంలో, ఎలాంటి చోట పనిచేస్తుండగా జబ్బు వస్తే సేవతో సంబంధం ఆలోచించాలో అందులో రాసి ఉన్నది. యుద్ధ క్షేత్రం, తీవ్రవాదుల ఏరివేత డ్యూటీ, ఎత్తైన మంచు ప్రాంతం, మనిషి అలికిడి లేని ఒంటరి పోస్టు, ప్రాణాలు పోయిన వాహన ప్రమాదం, ఇలాంటివి. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో, 1999లో కార్గిల్లో, ఏళ్ళ తరబడి కాశ్మీరులో, ఈశాన్య రాష్ట్రాల్లో పనిచేసిన తెలుగువాళ్ళు ఉన్నారు. 'మా ఆయన మిలిటరీలో చేశాడు' అని రాస్తే చాలదు. ఏ ఏడు, ఏ యూనిట్, ఏ చోటు, ఎన్ని నెలలు, మొదటిసారి ఏ ఆసుపత్రిలో చేర్చారు అన్నది వరుసగా రాయాలి.

కాల్చిన కాగితాలు

గురజాల వైపు ఒక ఊరి నుంచి ఒక ఇల్లాలు రెండేళ్ళ క్రితం మా ఇంటికి వచ్చింది. వెంట ట్రంకు పెట్టె తెచ్చుకున్నది. భర్త ఎనిమిదేళ్ళు మిలిటరీలో చేసి 2004లో ఎస్-5 కింద వచ్చేశాడు. గ్రాట్యుటీ ఇచ్చారు. పెన్షన్ లేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు 'లాంగు లీవు మీద వచ్చాడు' అని చెప్పుకున్నారట. ఆ లీవు ఇరవై ఏళ్ళు నడిచింది.

పెట్టెలో డిశ్చార్జి పుస్తకం ఉన్నది, యూనిఫారంలో ఫొటో ఉన్నది, ఇంటికి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఆసుపత్రి కాగితాలు మాత్రం ఒక్కటీ లేవు. 'అవేవమ్మా?' అన్నాను. తల వంచుకుని, 'మా అత్తగారు నీళ్ళ పొయ్యిలో పెట్టింది బాబాయి గారూ. అప్పుడు మా ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నారు. మిలిటరీ ఆసుపత్రి చీటీ ఎవరి కంటన్నా పడితే పెళ్ళి చెడుతుందని' అన్నది.

ఆ పెద్దావిడను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కూతురి పెళ్ళి కోసం చేసింది. మన ఊళ్ళలో 'ఆ ఇంట్లో పిచ్చి ఉంది' అన్న మాట పుట్టిందంటే ఆ ఇంటి గడప తొక్కే వియ్యంకుడు ఉండడు. ఆ మాట పుట్టించేది ఎవరు? మనమే. ఆ పొయ్యిలో నిప్పు పెట్టింది ఆవిడ ఒక్కతే కాదు, ఊరంతా కలిసి పెట్టాం.

అదృష్టవశాత్తు, ఇంట్లో కాలిన కాగితానికి ఆఫీసులో కాపీ ఉంటుంది. సర్వీసు నెంబరు వేసి రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టించాం. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్సు నకలు వచ్చింది. కారణాలు రాయవలసిన గడిలో ఉన్నది ఒకే ఒక వాక్యం. ఆ మనిషి రాసిన ఉత్తరాల మీద తేదీలు ఉన్నాయి. వాటిని బట్టి ఏ కొండ మీది పోస్టులో ఎన్ని నెలలు ఉన్నాడో, ఎప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని ఇంటికి రాశాడో వరుస కట్టాం. ఇప్పుడా కేసు ట్రిబ్యునల్లో ఉన్నది. ఏమవుతుందో నేను జోస్యం చెప్పను. కాని ఇరవై ఏళ్ళుగా లేని ఫైలు ఒకటి ఇప్పుడు ఉన్నది.

ఏమి చేయాలి?

ఇక వరుసగా చెబుతాను, కావలసినవారు రాసుకోండి.

మొదటిది రికార్డులు. పెన్షన్ లేకుండా డిశ్చార్జి అయినవారి సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ వరకే ఉంచి, తరువాత నాశనం చేస్తారు. చివరికి మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరులో పేరు, నాలుగు వివరాలు. 2002, 2003 ప్రాంతంలో వచ్చేసినవారికి గడువు దగ్గర పడింది. అప్పీలు సంగతి తరువాత, ముందు కాగితాలు తెప్పించండి. భర్తీ నాటి మెడికల్ పరీక్ష, బోర్డు ప్రొసీడింగ్సు, మనోవైద్యుని అభిప్రాయం, యూనిట్ కమాండింగ్ ఆఫీసరు ఇచ్చిన రిపోర్టు, పోస్టింగుల వివరం, ఈ అయిదూ పేరు పేరునా అడగండి. 'నా కాగితాలన్నీ పంపండి' అని రాస్తే అసలైనది రాకపోవచ్చు.

రెండవది అప్పీలు. రిజెక్షన్ ఉత్తరం అందిన ఆరు నెలల లోపు మొదటి అప్పీలు, అదీ తిరస్కరిస్తే ఆరు నెలల లోపు రెండవ అప్పీలు వేయాలి. అవి కూడా దాటితే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టం కింద 2009లో ఇది పని మొదలుపెట్టింది. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉన్నది. అంతకు ముందు ఇలాంటి కేసులకు హైకోర్టుకు పోవలసి వచ్చేది.

మూడవది గడువు దాటినవారి సంగతి. 'ఇరవై ఏళ్ళయింది, ఇంకేముంది' అని కూర్చోవద్దు. పెన్షన్ నెలనెలా రావలసినది గనుక, అది రాకపోవడం నెలనెలా జరిగే అన్యాయమే. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్లెయిమును ఆలస్యం పేరుతో పూర్తిగా కొట్టివేయనక్కరలేదనీ, బకాయిలు మాత్రం కేసు వేసిన నాటికి ముందు మూడేళ్ళకే పరిమితమనీ చెప్పింది. అంటే ఆలస్యం చేసిన ప్రతి ఏడూ ఒక ఏడాది బకాయి కరిగిపోయినట్లు లెక్క.

నాలుగవది వకీలు ఖర్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, వికలాంగులకు, మానసిక వ్యాధి ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయంతో పని లేదు. 26-7-2025న జాతీయ న్యాయ సేవల సంస్థ సైనిక కుటుంబాల కోసమే వీర్ పరివార్ సహాయతా యోజన అనే పథకం పెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల దగ్గరే న్యాయ సహాయ కేంద్రాలు నడపాలన్నది దాని ఉద్దేశం. గుంటూరులోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి. 'పెన్షన్ ఇప్పిస్తాం, బకాయిల్లో సగం మాది' అనే దళారీకి సంతకం పెట్టవద్దు.

అయిదవది వైద్యం. కేసు కోసం జబ్బును పెంచి రాయవద్దు, పరువు కోసం తగ్గించి రాయవద్దు. ఉన్నది ఉన్నట్లు రాయండి. రివ్యూ బోర్డుకు పిలిస్తే ఇప్పటి దాకా వాడిన మందుల చీటీలు వరుసగా పెట్టి తీసుకుపోవాలి. ప్రభుత్వాసుపత్రి ఓ.పి. చీటీ కూడా సాక్ష్యమే. రాత్రిపూట మనిషి అదుపు తప్పితే, ఎవరికి చెప్పాలో తెలియకపోతే, టెలి-మానస్ నెంబరు 14416 ఉన్నది. 10-10-2022న మొదలయింది. ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చు.

మన సంఘం పని

ఇది మన పని ఎలాగో చివర చెబుతానన్నాను. ఆ ఇల్లాలికి కావలసింది డబ్బు కాదు, సానుభూతి కాదు. ఇంగ్లీషు ఉత్తరం చదివి, 'ఇది రిజెక్షను, ఆరు నెలల్లో అప్పీలు వేయాలి, ఇక్కడ కారణం రాయలేదు చూడు' అని చెప్పే ఒక మనిషి కావాలి. అలాంటి మనుషులు ఈ హాల్లో వందమంది ఉన్నారు. ట్రెజరీలో, రెవెన్యూలో, పంచాయతీ సమితుల్లో, కోర్టుల్లో మనం చేసిన పని అదే. సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ తప్పితే ఏమవుతుందో మనకు తెలిసినట్లు లోకంలో ఎవరికీ తెలియదు. ఆ విద్య రిటైరైన రోజుతో రద్దు కాలేదు.

కాబట్టి నా విన్నపం మూడు మాటల్లో. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో మన సంఘం కూర్చునే చోట నెలకొక పూట సైనిక కుటుంబాల కాగితాలు చదివి పెడదాం. వచ్చినవాళ్ళ సంగతి గుమ్మం దాటి బయటికి పోనివ్వకుండా చూద్దాం. మనం ఫైలులో చూసింది ఊళ్ళో చెప్పేవాళ్ళం కాము, ఆ అలవాటు మనకు ఉద్యోగం నేర్పిందే. మూడవది, మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు 'వాళ్ళ అన్నకు బాగాలేదట' అన్న మాట వస్తే, షుగరు, బి.పి. అన్న మాట విన్నట్లే విందాం. పిల్ల మంచిదా, పిల్లవాడు బుద్ధిమంతుడా అన్నది చూద్దాం. ఆ ఒక్కటి చేయగలిగితే ఇంకో ఇంట్లో ఇంకో పెద్దావిడ కాగితాలను పొయ్యిలో పెట్టదు.

ఈ సభలో కూర్చున్న తల్లులకు ఒక్క మాట. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో అలాంటి ట్రంకు పెట్టె ఉంటే, దానికి చెదలు పట్టకముందే తెరవండి. సిగ్గుపడవలసినది అందులో ఏమీ లేదు. అందులో ఉన్నది ఒక మనిషి చేసిన సేవకు సాక్ష్యం.